శాంతి కోసం వెళ్లిన సేన: శ్రీలంకలో భారత దౌత్యం, 1983–1990

1987 జులై 30న శ్రీలంక ఉత్తర కొసన ఉన్న పలాలీ విమానాశ్రయంలో భారత వైమానిక దళ విమానాలు ఒకదాని వెంట ఒకటి దిగాయి. వాటిలో వచ్చినవారు సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్ సైనికులు. భారత్–శ్రీలంక ఒప్పందంపై కొలంబోలో సంతకాలు జరిగింది అంతకుముందు రోజే. తాము వెళ్తున్నది యుద్ధానికి కాదని, తమిళ సాయుధ బృందాలు ఆయుధాలు అప్పగించే కార్యక్రమాన్ని పర్యవేక్షించడానికి, శ్రీలంక సైన్యానికీ ఆ బృందాలకూ మధ్య నిలబడడానికి మాత్రమేనని సైనికులు నమ్మారు. జాఫ్నా ప్రజలు వారికి పూలదండలు వేసి స్వాగతం పలికారు. పదకొండు వారాలు నిండకముందే అదే జాఫ్నా వీధుల్లో వారు యుద్ధం చేయవలసి వచ్చింది. 1990 మార్చి 24న ట్రింకోమలీ రేవులో చివరి దళం ఓడ ఎక్కేనాటికి సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

ఈ అధ్యాయంతో తెలుగు నేలకు ఉన్న సంబంధం సికింద్రాబాద్ డివిజన్‌తో ముగిసేది కాదు. 1983లో శ్రీలంక సంక్షోభంపై భారతదేశం తరఫున కొలంబోకు వెళ్లిన తొలి ప్రతినిధి అప్పటి విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. ఆరేళ్ల తర్వాత, భారత సేన నిష్క్రమణపై చర్చలు జరుగుతున్నప్పుడు విదేశాంగ శాఖ మళ్లీ ఆయన చేతిలోనే ఉంది. సముద్రంలో గస్తీ, రవాణా బాధ్యతలు విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు నౌకాదళానివి.

1956: రెండు దేశాలు, రెండు దారులు

బ్రిటిష్ పాలన నుంచి 1948 ఫిబ్రవరి 4న స్వతంత్రమైన సిలోన్‌లో సింహళ భాషీయులు అధిక సంఖ్యాకులు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్న తమిళులు, మధ్య కొండల్లోని తేయాకు తోటలకు బ్రిటిష్ కాలంలో భారతదేశం నుంచి వెళ్లిన కార్మికులు, తమిళం మాట్లాడే ముస్లింలు అక్కడి ఇతర సమాజాలు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే చేసిన పౌరసత్వ చట్టంతో తోట కార్మికుల్లో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. వారి విషయమై 1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒక ఒప్పందం చేసుకున్నారు. 9,75,000 మందిలో 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సిలోన్ స్వీకరించాలన్నది దాని సారాంశం. మిగిలిన 1,50,000 మందిని చెరిసగం పంచుకోవాలని పదేళ్ల తర్వాత నిర్ణయించారు. మనుషులను లెక్కకట్టి పంచుకున్న ఆ ఒప్పందం గురించి వారిలో ఎవరినీ అడిగిన దాఖలా లేదు.

భాష విషయంలో తేడా మరింత స్పష్టం. 1956లో సిలోన్ పార్లమెంటు సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసింది. అదే ఏడాది నవంబరు 1న భారతదేశం రాష్ట్రాలను భాషల ప్రాతిపదికన పునర్వ్యవస్థీకరించగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. భాషా రాష్ట్రాలతో దేశం ముక్కలవుతుందని భయపడినవారు ఢిల్లీలోనూ ఎందరో ఉండేవారు. ముక్కలయ్యే స్థితికి చేరింది మాత్రం ఒకే భాషను ఎంచుకున్న ద్వీపం.

సర్దుబాటుకు ప్రయత్నాలు జరగకపోలేదు. 1957లో ప్రధాని బండారనాయకే, తమిళ నాయకుడు చెల్వనాయకం ప్రాంతీయ మండళ్లపై అంగీకారానికి వచ్చారు. బౌద్ధ భిక్షువుల నిరసనతో మరుసటి ఏడాదే అది రద్దయింది. 1965లో డడ్లీ సేననాయకేతో చేసుకున్న మరో ఒప్పందమూ అమలు కాలేదు. 1976లో వట్టుక్కోట్టైలో తమిళ పార్టీలు ప్రత్యేక రాజ్యాన్ని కోరుతూ తీర్మానం చేశాయి. 1981లో జాఫ్నా గ్రంథాలయం దగ్ధమైంది. అందులోని సుమారు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. జాఫ్నా తమిళుల జ్ఞాపకాల్లో ఆ మంటలకు ఉన్న స్థానం ఏ రాజకీయ తీర్మానానికీ లేదు.

కొలంబోకు పి.వి.

1983 జులై 23న జాఫ్నా దగ్గర ఎల్‌టీటీఈ దాడిలో 13 మంది శ్రీలంక సైనికులు మరణించారు. మర్నాటి నుంచి కొలంబోలోను, ఇతర పట్టణాల్లోను తమిళులపై మూకలు విరుచుకుపడ్డాయి. ఓటర్ల జాబితాలు పట్టుకుని ఇళ్లను వెతికి మరీ దాడి చేశారని బాధితులు చెప్పారు. మృతుల సంఖ్యపై అంచనాలు 400 నుంచి 3,000 వరకు ఉన్నాయి. వేలాది మంది పడవలెక్కి తమిళనాడు తీరానికి చేరారు.

ప్రధాని ఇందిరాగాంధీ అధ్యక్షుడు జె.ఆర్. జయవర్ధనెతో ఫోనులో మాట్లాడి, ఆ నెలాఖరులోనే పి.వి.ని కొలంబోకు పంపారు. పొరుగు దేశపు అంతర్గత వ్యవహారంలో జోక్యం అనిపించుకోకూడదు. మౌనంగా ఉన్నట్లు తమిళనాడుకు తోచకూడదు. ఈ రెండింటి నడుమ సాగిన పర్యటన అది. భాషను, ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని లేచే ఉద్యమాలు ఎలా ఉంటాయో పి.వి.కి కొత్తగా తెలియవలసిన విషయం కాదు. ముల్కీ నిబంధనల వివాదం, జై ఆంధ్ర ఉద్యమాల నడుమ 1973లో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిని వదులుకున్నారు.

ఆయన తర్వాత ప్రత్యేక దూతగా జి. పార్థసారథి నెలల తరబడి కొలంబో, ఢిల్లీ, మద్రాసుల మధ్య తిరిగారు. జిల్లా మండళ్లను కలిపి ప్రాంతీయ మండళ్లుగా చేయాలన్న ప్రతిపాదన ఆయన కృషి ఫలితం. దానిపై చర్చించేందుకు 1984 జనవరిలో కొలంబోలో మొదలైన అఖిలపక్ష సమావేశం ఆ ఏడాది చివరకు ఫలితం లేకుండానే ముగిసింది. 1985 జులై, ఆగస్టు నెలల్లో భూటాన్ రాజధాని థింఫూలో శ్రీలంక ప్రభుత్వం, తమిళ సాయుధ బృందాలు తొలిసారి ఎదురెదురుగా కూర్చున్నాయి. తమిళులను ప్రత్యేక జాతిగా గుర్తించడం, వారి నివాస ప్రాంతం, స్వయం నిర్ణయాధికారం, తోట కార్మికులందరికీ పౌరసత్వం అనే నాలుగు సూత్రాలను తమిళ పక్షం బల్లపై పెట్టింది. ప్రభుత్వం నిరాకరించింది.

ఈ చర్చలన్నిటి వెనుక ఢిల్లీని బలహీనపరిచిన వాస్తవం ఒకటుంది. మధ్యవర్తిగా మాట్లాడుతూనే భారత నిఘా సంస్థలు 1983 నుంచి తమిళ సాయుధ బృందాలకు శిక్షణ, ఆయుధాలు సమకూర్చాయి. తగవు తీర్చేవాడే ఒక పక్షానికి కర్ర అందిస్తే, తీర్పును రెండో పక్షం నమ్మదు. కర్ర అందుకున్నవాడు కూడా తర్వాత మాట వినకపోవచ్చు. శ్రీలంకలో రెండూ జరిగాయి.

ఒప్పందం

1987 మే నెలాఖరులో శ్రీలంక సైన్యం జాఫ్నా ద్వీపకల్పంలోని వడమరాచ్చిపై పెద్దఎత్తున దాడికి దిగింది. జూన్ 3న ఆహారం, మందులతో భారత్ పంపిన 19 పడవలను శ్రీలంక నౌకాదళం వెనక్కి పంపింది. మర్నాడు ఐదు ఏఎన్-32 రవాణా విమానాలు, నాలుగు మిరాజ్ యుద్ధ విమానాల రక్షణలో జాఫ్నాపై సుమారు 25 టన్నుల సరుకులు జారవిడిచాయి. సరుకు కొద్దిదే. కానీ, భారత్ ఎంతవరకు వెళ్లగలదో కొలంబోకు అర్థమైంది. ఎనిమిది వారాలు తిరగకుండానే ఒప్పందం సిద్ధమైంది.

జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనె సంతకాలు చేసిన పత్రం ప్రకారం ఉత్తర, తూర్పు ప్రావిన్సులు తాత్కాలికంగా ఒక్కటై ఎన్నికైన మండలి పాలనలోకి రావాలి. 1988 డిసెంబరు 31లోగా తూర్పు ప్రాంతంలో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. సింహళంతో పాటు తమిళం, ఇంగ్లీషు కూడా అధికార భాషలవుతాయి. సాయుధ బృందాలు 72 గంటల్లో ఆయుధాలు అప్పగించాలి. అవసరమైతే భారత శాంతి దళాన్ని పిలిపించుకునే వీలు కల్పించారు.

దీనికి అనుబంధంగా ఇద్దరు నేతలూ లేఖలు మార్చుకున్నారు. భారత ప్రయోజనాలకు భంగం కలిగేలా ట్రింకోమలీ రేవును ఏ దేశానికీ సైనికావసరాలకు ఇవ్వరాదని, అక్కడి చమురు నిల్వ ట్యాంకులను రెండు దేశాలూ కలిసి బాగుచేయాలని వాటిలో ఉంది. రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించే అంశం మరొకటి. శ్రీలంకలో కేంద్రాలు నడిపే విదేశీ ప్రసార సంస్థలతో ఒప్పందాలను సమీక్షించి, అవి ప్రజా ప్రసారాలకే తప్ప సైనిక, గూఢచర్య అవసరాలకు వాడుకోకుండా చూస్తామని కొలంబో హామీ ఇచ్చింది. వాయిస్ ఆఫ్ అమెరికాకు ఆ దేశంలో ఇచ్చిన సదుపాయాలు అప్పట్లో ఢిల్లీని కలవరపెట్టేవి. తమిళుల హక్కులతో పాటు భారత్ తన భద్రతా ప్రయోజనాలను కూడా అదే బల్లపై పెట్టిందని ఆ లేఖలు చెబుతాయి.

ఒప్పందంలో లోపించినది సాయుధ పోరాటం చేస్తున్నవారి సంతకం. ఎల్‌టీటీఈ నేత వేలుపిళ్లై ప్రభాకరన్‌ను ఢిల్లీకి రప్పించి, అశోకా హోటల్‌లో ఉంచి, రాజీవ్ గాంధీ స్వయంగా మాట్లాడారు. ఆయన ఒప్పుకున్నట్లే ఉంది, ఒప్పుకోనట్లూ ఉంది. ఆగస్టు 4న జాఫ్నా దగ్గరి సుదుమలైలో జరిగిన సభలో, ఒప్పందం తమను అడగకుండా చేసినదని ప్రభాకరన్ బహిరంగంగా చెప్పారు. కొలంబోలోనూ ఏకాభిప్రాయం లేదు. ప్రధాని రణసింఘె ప్రేమదాస, ప్రతిపక్ష నేత సిరిమావో ఒప్పందాన్ని వ్యతిరేకించారు. దక్షిణాన జనతా విముక్తి పెరమున, అంటే జేవీపీ, భారత వ్యతిరేకతనే ఆయుధం చేసుకుని సాయుధ తిరుగుబాటు సాగించింది. జులై 30న కొలంబోలో గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ గాంధీపై ఒక నావికుడు తుపాకీ మడమతో దాడి చేశాడు. ఒప్పందానికి ఎంత వ్యతిరేకత ఉందో ఆ రోజే తెలిసింది.

జాఫ్నా

కొన్ని ఆయుధాలు అప్పగించి మిగతావి దాచుకున్న ఎల్‌టీటీఈకి, భారత దళానికి మధ్య సెప్టెంబరులోనే దూరం పెరిగింది. తాత్కాలిక పాలనా మండలి, కొత్త సింహళ స్థావరాల నిలుపుదల వంటి డిమాండ్లతో నల్లూరు ఆలయం దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్న తిలీపన్ సెప్టెంబరు 26న మరణించాడు. అక్టోబరు 3న శ్రీలంక నౌకాదళం 17 మంది ఎల్‌టీటీఈ సభ్యులను పట్టుకుని పలాలీలో ఉంచింది. వారిని కొలంబోకు తరలించవద్దని భారత అధికారులు కోరారు. జయవర్ధనె ప్రభుత్వం వినలేదు. అక్టోబరు 5న వారు సయనైడ్ మింగగా 12 మంది చనిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే ఎల్‌టీటీఈ ఒప్పందాన్ని పూర్తిగా వదిలేసింది. భారత్ అక్టోబరు 10న ‘ఆపరేషన్ పవన్’ ప్రారంభించింది.

పర్యవేక్షణకు వచ్చిన డివిజన్ పట్టణ యుద్ధానికి సిద్ధంగా లేదు. సరైన పటాలు లేవు, భారీ ఆయుధాలు లేవు. ఎదుట ఉన్నవారికి ప్రతి సందూ తెలుసు. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఎల్‌టీటీఈ నాయకత్వాన్ని పట్టుకోవడానికి హెలికాప్టర్లలో కమాండోలను, సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ సైనికులను దించారు. సిఖ్ దళంలో దిగిన 30 మందిలో 29 మంది మరణించగా ఒక్కరు బందీగా చిక్కారు. అక్టోబరు చివరికి జాఫ్నా భారత సేన అధీనంలోకి వచ్చింది. నవంబరు 25న పోరాడుతూ మరణించిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర ప్రకటించారు.

పట్టణం చేతికి చిక్కినా ప్రజలు దూరమయ్యారు. అక్టోబరు 21, 22 తేదీల్లో జాఫ్నా ఆసుపత్రిలో భారత సైనికుల కాల్పుల్లో వైద్యులు, నర్సులు, రోగులు పదుల సంఖ్యలో మరణించారు. ఆసుపత్రి నుంచి తమపై కాల్పులు జరిగాయని సైన్యం చెప్పింది. ప్రాణాలతో బయటపడినవారు ఆ వాదనను అంగీకరించలేదు. పూలదండలతో ఎదురొచ్చిన ఊరు మూడు నెలల్లో ముఖం తిప్పుకోవడానికి ఇటువంటి ఘటనలే కారణం. ఈ సేనకు స్మారకాలు కట్టినవారు కూడా ఈ పుటను దాటవేయలేరు.

డివిజన్ తొలి సారథి మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ తర్వాతి కాలంలో ఒక పుస్తకం రాశారు. చర్చలకు వచ్చే ప్రభాకరన్‌ను కాల్చివేయాలని అప్పటి భారత హైకమిషనర్ జె.ఎన్. దీక్షిత్ తనతో అన్నారని, తెల్లజెండా నీడన వచ్చినవారిని సైన్యం కాల్చదని తాను నిరాకరించానని అందులో ఆరోపించారు. ఆ సంభాషణ మాట ఎలా ఉన్నా, కొలంబోలోని దౌత్య కార్యాలయం, మద్రాసులోని దళ ప్రధాన కేంద్రం, ఢిల్లీలోని ప్రభుత్వం ఒకే తాటిపై లేవన్నది ఆ కాలపు అధికారులు రాసిన అనేక గ్రంథాల్లో కనిపిస్తుంది. ఒక డివిజన్‌తో మొదలైన దళం నాలుగు డివిజన్లకు పెరిగింది.

సైప్రస్‌లో మన సేనాపతులు

ఒక ద్వీపంలో రెండు సమాజాల నడుమ నిలబడడం భారత సైనికాధికారులకు కొత్త కాదు. గ్రీకు, తుర్కీ సమాజాల మధ్య ఘర్షణలు చెలరేగిన సైప్రస్‌కు 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతి దళాన్ని పంపినప్పుడు దాని తొలి సారథి లెఫ్టినెంట్ జనరల్ పి.ఎస్. జ్ఞానీ. తర్వాత వచ్చిన కొడగు సేనాని జనరల్ కె.ఎస్. తిమ్మయ్య 1965 డిసెంబరులో అక్కడే విధి నిర్వహణలో కన్నుమూశారు. సైప్రస్ ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది. 1974 జులైలో తుర్కీ సేనలు దిగి ద్వీపం రెండుగా చీలినప్పుడు సమితి దళానికి సారథి మేజర్ జనరల్ ప్రేమ్ చంద్. నేటికీ నడుమ ఉన్న రేఖ సుమారు 180 కిలోమీటర్ల పొడవున సాగుతోంది. 2004 ఏప్రిల్‌లో ఏకీకరణ ప్రణాళికపై ఓటింగ్ జరిగితే తుర్కీ సైప్రస్ వాసులు ఔనన్నారు, గ్రీకు సైప్రస్ వాసులు కాదన్నారు.

ఆ దళం సమస్యను తీర్చలేదు. అయితే దానికి భద్రతా మండలి ఆదేశం, పక్షాల సమ్మతి ఉన్నాయి. ఆత్మరక్షణకు తప్ప కాల్పులు జరపరాదన్న నియమం ఉంది. పక్షాలు పోరాడినా అది ఎవరి పక్షానా పోరాడలేదు. శ్రీలంకలో భారత దళానికి సమితి ఆదేశం లేదు. రెండు ప్రభుత్వాల ఒప్పందమే ఆధారం. అందులో భారత్ మధ్యవర్తి, హామీదారు, ఆయుధాలు లాక్కునే బాధ్యత గల సేన. మూడు పాత్రలూ ఒక్కరికే ఇచ్చినప్పుడు మూడోది మిగతా రెండింటినీ మింగేసింది.

నిష్క్రమణ

రాజకీయ ప్రక్రియ పూర్తిగా ఆగిపోలేదు. ప్రావిన్సులకు మండళ్లు ఏర్పరుస్తూ శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ 1987 నవంబరులో చట్టమైంది. భారత దళం రక్షణలో 1988 నవంబరులో ఉత్తర–తూర్పు మండలికి ఎన్నికలు జరిగి వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఎల్‌టీటీఈ బహిష్కరించిన ఆ ఎన్నికలకు స్థానికంగా విశ్వసనీయత తక్కువ. నిధులు, అధికారాలు కొలంబో నుంచి అరకొరగానే వచ్చాయి.

1989 జనవరిలో అధ్యక్షుడైన ప్రేమదాస జూన్ 1న, జులై 29లోగా భారత దళం వెళ్లిపోవాలని ప్రకటించారు. మరోవైపు ఎల్‌టీటీఈతో చర్చలు మొదలుపెట్టారు. అంతకుముందు పరస్పరం యుద్ధం చేసినవారు మూడోవారిని పంపించడానికి ఏకమయ్యారన్న మాట. అప్పటికి ఏడాదిగా విదేశాంగ మంత్రిగా ఉన్న పి.వి. ముందున్న ప్రశ్న గడువు తేదీ ఒక్కటే కాదు. ఒప్పందంలోని హామీలు అమలు కాకుండా వైదొలగితే, భారత్‌ను నమ్మి ఎన్నికల్లో నిలిచిన తమిళులను ఎవరు కాపాడతారు? జులై 29న 600 మంది సైనికులు లాంఛనంగా వెనుదిరిగారు. శ్రీలంక విదేశాంగ మంత్రి రంజన్ విజేరత్నె ఢిల్లీ వచ్చి పి.వి.తో చర్చలు జరిపారు. సెప్టెంబరు 18న ఒక అవగాహన కుదిరింది. దాని ప్రకారం సెప్టెంబరు 20 నుంచి భారత దళం దాడులు ఆపివేయాలి, డిసెంబరు 31లోగా పూర్తిగా వైదొలగడానికి కృషి చేయాలి. ఎన్నికల్లో రాజీవ్ ప్రభుత్వం ఓడిపోయింది. మిగిలిన పని వి.పి. సింగ్ ప్రభుత్వం పూర్తిచేసింది. దళంతో పాటే పెరుమాళ్ కూడా ద్వీపం విడిచారు. 1990 జూన్‌లో ఎల్‌టీటీఈ, శ్రీలంక సైన్యం మళ్లీ యుద్ధానికి దిగాయి.

1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ఎన్నికల ప్రచారం ముగించుకుని, విమానంలో సాంకేతిక లోపం వల్ల ఆలస్యంగా బయలుదేరి మద్రాసు చేరారు. ఆ రాత్రి శ్రీపెరంబుదూరులో ఎల్‌టీటీఈ మానవబాంబు ఆయనను బలిగొంది. సరిగ్గా నెల తర్వాత పి.వి. ప్రధాని అయ్యారు. 1992 మేలో ఆయన ప్రభుత్వం ఎల్‌టీటీఈని నిషేధించింది. కొలంబోకు దూతగా మొదట వెళ్లిన నాయకుడి హయాంలోనే భారత్ మధ్యవర్తిత్వానికి దూరంగా జరిగింది. ఆ ఖాళీలోకి తర్వాత నార్వే వచ్చింది. 2002 ఫిబ్రవరి నాటి కాల్పుల విరమణను 2008 జనవరిలో శ్రీలంక ప్రభుత్వం రద్దు చేయగా, 2009 మేలో యుద్ధం ఎల్‌టీటీఈ నిర్మూలనతో ముగిసింది.

1987 ఒప్పందంలో నేటికీ బతికి ఉన్నవి ఏవి? ఉత్తర, తూర్పు ప్రావిన్సుల కలయిక చెల్లదని 2006లో శ్రీలంక సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో అవి విడిపోయాయి. తూర్పున ప్రజాభిప్రాయ సేకరణ ఎన్నడూ జరగలేదు. ట్రింకోమలీ చమురు ట్యాంకుల అభివృద్ధిపై మాత్రం 2022 జనవరిలో రెండు దేశాలు ఒప్పందానికి వచ్చాయి. 13వ సవరణ రాజ్యాంగంలో ఉంది. ఉత్తర మండలికి యుద్ధానంతరం 2013 సెప్టెంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. దాని గడువు 2018 అక్టోబరులో ముగిసిన తర్వాత ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. సవరణను పూర్తిగా అమలు చేయాలని ఢిల్లీ పలుమార్లు కోరింది. 2024 సెప్టెంబరులో అధ్యక్షుడిగా ఎన్నికైన అనుర కుమార దిసనాయకే, ఒకనాడు ఈ ఒప్పందాన్ని ఆయుధాలతో ఎదిరించిన జేవీపీ నాయకుడు.